ఒంటిచేతి సంసారం: రాణి కందిరీగ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న పెట్టె మీ చేతికిస్తున్నాను. మొదటి వరస నుంచి వెనక్కి పోనివ్వండి. మూత తీసి చూడొచ్చు, లోపలున్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. గట్టిగా ఊదినా చిరిగిపోతుంది. భయమేం లేదు, అందులో ప్రాణంతో ఉన్నదేమీ లేదు. (నవ్వులు)

నిమ్మకాయంత ఉంటుంది. బూడిదరంగు కాగితపు బంతి, పైన దారం లాంటి కాడ, కింద వేలు పట్టేంత కన్నం. కన్నంలోంచి లోపలికి చూడండి. ఆరు మూలల గదులు, నోళ్లు కిందికి పెట్టుకుని గుత్తిగా వేలాడుతుంటాయి. ఇదంతా కట్టింది ఒకే ఒక్క కందిరీగ. మేస్త్రీ అదే, కూలీ అదే, కాగితం తయారు చేసిందీ అదే.

నేను మాట్లాడతానని ఒప్పుకోగానే మన నిర్వాహకులు పోస్టర్ మీద ‘కందిరీగల మహారాణి’ అని వేయించారు. తలమీద కిరీటం బొమ్మ కూడా పెట్టారు. నాకు ఆ కిరీటంతోనే పేచీ. రాణి అనగానే సింహాసనం, దాసీలు, ఆజ్ఞలు కళ్ల ముందు మెదులుతాయి. ఈవిడకు (పురుగుని ఈవిడ అనడం నాకలవాటు, ఏమనుకోకండి) ఉన్న ఆయుష్షే సుమారు ఏడాది. అందులో దాదాపు సగం నిద్ర. తర్వాత నెలా రెండు నెలలు ఒంటరి చాకిరీ. మిగిలిన కాలమంతా గుడ్లు పెట్టడం. ఆ చివరి భాగాన్ని మాత్రమే చూసి మనం రాణి అని పేరు పెట్టేశాం.

ఇంకోటి కూడా ముందే చెప్పాలి. కందిరీగలన్నిటికీ రాణులు ఉండరు. కొండి ఉండి వేటాడే కందిరీగల్లో సుమారు 33,000 జాతులు లెక్కకొచ్చాయి. గుంపుగా కాపురముండేవి వాటిలో ఓ వెయ్యి, అంతే. మిగతావన్నీ ఒంటరివి. గోడ మూలన మట్టితో గూడు కట్టే కుమ్మరి పురుగుని చూసే ఉంటారు. దానికి రాణీ లేదు, కూలీ లేదు. తనే మట్టి తెచ్చి, తనే సాలీడునో గొంగళిపురుగునో పట్టి లోపల పెట్టి, గుడ్డు పెట్టి, మూత బిగించి వెళ్లిపోతుంది. నేను ఎక్కువగా చెప్పబోయేది చలిదేశాల్లో పసుపు, నలుపు చారలతో తిరిగే వెస్ప్యులా కందిరీగల గురించి. మధ్యలో వెచ్చటి నేలల జాతి ఒకటి వస్తుంది. అది నా మాటల్ని కాస్త తలకిందులు చేస్తుంది, చూద్దాం.

మామూలుగా ఈ కథ వసంతంతో మొదలుపెడతారు. నేను ఎండాకాలం చివరి నుంచి మొదలుపెడతాను. రాణి పుట్టేది అప్పుడు.

అప్పటికి గూడు నిండుగా ఉంటుంది. కొన్ని వేల ఈగలు, ఒకదాని కింద ఒకటిగా అరలు. ఆ సమయంలో కూలీ ఈగలు ఉన్నట్టుండి పెద్ద గదులు కట్టడం మొదలుపెడతాయి. మామూలు గది కంటే కొట్టొచ్చినట్టు వెడల్పుగా ఉంటాయవి. వాటిలో పడిన గుడ్డు మామూలు గుడ్డే. పక్క గదిలో కూలీ అయ్యే ఆడ గుడ్డుకీ దీనికీ పుట్టుకలో తేడా లేదు. తేడా అంతా తిండిలో. పెద్ద గదిలోని లార్వాకి, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగుకి, ఎక్కువ పెడతారు, ఎక్కువకాలం పెడతారు. కూలీ 12 నుంచి 14 మిల్లీమీటర్లు ఉంటే, ఈ గదిలోంచి బయటికొచ్చేది 17 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని పొట్ట కోసి చూస్తే లోపల తెల్లగా కొవ్వు. ఆ కొవ్వు దాని చలికాలపు జీతం.

మగ ఈగలు కూడా అదే కాలంలో పుడతాయి. వీటి సంగతి తమాషాగా ఉంటుంది. ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడది అవుతుంది, జరగని గుడ్డు మగది అవుతుంది. అంటే మగ కందిరీగకు తాత ఉన్నాడు గానీ తండ్రి లేడు. (నవ్వులు) కొడుకులూ పుట్టరు, కూతుళ్లే పుడతారు. కొండి కూడా ఉండదు, ఎందుకంటే కొండి అన్నది ఒకప్పుడు గుడ్లు పెట్టే గొట్టమే, తర్వాత ఆయుధంగా మారింది. గుడ్లు పెట్టనివాడికి ఆయుధం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కొత్త రాణి గూడు దాటి వెళ్లి మగ ఈగలతో కలుస్తుంది. వెస్ప్యులాలో చాలావరకు ఒకటి కంటే ఎక్కువ మగ ఈగలతో కలుస్తుంది. ఈ విషయం కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. వచ్చిన వీర్యాన్ని కడుపులో ఒక చిన్న సంచిలో దాచుకుంటుంది. మళ్లీ జన్మలో ఇంకో మగ ఈగను కలవదు. వచ్చే ఏడాది ఎండాకాలం చివరిదాకా, కొన్ని వేల గుడ్లకు, ఆ దాచుకున్నదే వాడుకోవాలి. గుడ్డు దిగేటప్పుడు సంచి మూత తీస్తే కూతురు, తీయకపోతే కొడుకు.

మగ ఈగలు ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకవు. రాణి మాత్రం చోటు వెతుక్కుంటుంది. చెట్టు బెరడు కింద, పుచ్చిన దుంగ సందులో, అటకమీద, మడతపెట్టిన కర్టెన్‌లో. అక్కడ దవడలతో ఏదో ఒకదాన్ని కరిచి పట్టుకుంటుంది. మీసాలు వెనక్కి ముడుచుకుంటుంది. రెక్కల్ని వీపు మీద పరుచుకోకుండా పొట్ట కిందికి లాక్కుని, కాళ్లతో నొక్కి పెట్టుకుంటుంది. ఒకసారి పాత కట్టెల మోపు విప్పుతుంటే నాకు ఇలాంటిది దొరికింది. చచ్చిందనుకుని అరచేతిలో వేసుకుని పక్కనున్నాయనకు పాఠం మొదలుపెట్టాను: ఇది మీసం, ఇది నడుము అంటూ. నా చెయ్యి వెచ్చగా ఉంటుందన్న సంగతి తట్టలేదు. మూడో వాక్యం దగ్గర ముందుకాలు కదిలింది. నాలుగో వాక్యం నేను చెప్పలేదు. (నవ్వులు)

అలా ఆరు నెలల దాకా ఉంటుంది. చలి ఎక్కువైతే చస్తాయని మనం అనుకుంటాం. చలికాలం వెచ్చగా ఉన్నా ముప్పే. మధ్యలో మెలకువ వస్తే కొవ్వు కరుగుతుంది, బయట చూస్తే పువ్వూ లేదు, పురుగూ లేదు. తేమకు బూజు పట్టేవి కొన్ని, సాలీళ్ల పాలయ్యేవి కొన్ని. ఒక లెక్క చెబుతాను. బాగా పెరిగిన వెస్ప్యులా గూడు ఒక ఏడాదిలో వెయ్యికి పైగా కొత్త రాణుల్ని పంపగలదు. అయినా ఏటేటా గూళ్ల సంఖ్య దాదాపు అంతే ఉంటోందంటే, ఆ వెయ్యిలో సగటున ఒక్కటే తన పిల్ల రాణుల్ని చూసేదాకా బతుకుతోందన్నమాట.

ఇప్పుడు వసంతం. లేచిన రాణి మొదట చేసే పని తాగడం. పువ్వుల తేనె, చెట్ల రసం. తర్వాత నేల దగ్గరగా, గోడల దగ్గరగా మెల్లగా ఎగురుతూ ప్రతి కన్నంలోకీ తొంగిచూస్తుంది. ఎలకబొరియ, చూరు కింది సందు, ఏదైనా సరే. అద్దె ఇంటి కోసం తిరిగేవాళ్ల నడక వేరేగా ఉంటుంది చూడండి, అలా ఉంటుంది ఆ ఎగురుడు.

చోటు కుదిరాక కాగితం పని. ఎండకూ వానకూ పాతబడిన కంచె కర్ర మీద వాలి, దవడలతో గీకుతూ వెనక్కి నడుస్తుంది. నిశ్శబ్దంగా ఉంటే ఆ గీకుడు చెవికి వినిపిస్తుంది. కర్ర మీద వేలి గోరంత పొడవున లేతరంగు చార మిగులుతుంది. ఆ పీచుని లాలాజలంతో నమిలి ముద్ద చేసి తెస్తుంది. అంచు మీద వాలి, ముద్దని దవడల మధ్య పట్టుకుని, మళ్లీ వెనక్కి నడుస్తూ పలచని పట్టీలా పరుస్తుంది. ఆరితే కాగితం. మీ చేతుల్లో ఉన్న బంతి మీద వంపు చారలు కనిపిస్తున్నాయా? ఒక్కో చార ఒక్కో ముద్ద, అంటే ఒక్కో ప్రయాణం. రంగు మారినచోటల్లా వేరే కర్ర నుంచి తెచ్చిందని అర్థం. కాగితం చిరిగిన గుడ్డల నుంచి తయారయ్యే కాలంలో, 1719లో, ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమ్యూర్ కందిరీగల్ని చూపించి, చెక్కతోనూ కాగితం చేయొచ్చునని రాయల్ అకాడమీ అనే శాస్త్రవేత్తల సభ ముందు చెప్పాడు. మనుషులు ఆ మాట అందుకోవడానికి వందేళ్లు దాటింది.

మొదట కాడ, దాని చివర రెండు మూడు గదులు, వాటి చుట్టూ ఇంకొన్ని. మొత్తం ఇరవై ముప్పై గదులు. గది కట్టిన వెంటనే అడుగున ఒక గుడ్డు అంటిస్తుంది. గదులు తలకిందులుగా ఉంటాయి కాబట్టి అంటించకపోతే పడిపోతుంది. చుట్టూ కాగితపు తొడుగు వేస్తుంది, వెచ్చదనం పోకుండా. అదీ చాలదని రాత్రిపూట, చల్లటి ఉదయాల్లో, కాడ చుట్టూ చుట్టలా వంగి పడుకుంటుంది. కండరాల్ని వణికించి ఒళ్లు వేడి చేసుకుని, ఆ వేడిని గదులకి తగిలిస్తుంది. కోడి పొదగడం మనకు తెలుసు. పురుగు పొదుగుతుందంటే చాలామంది నమ్మరు.

గుడ్డు వారంలోపు పగులుతుంది. ఇక తిండి. లార్వాకి మాంసం కావాలి. రాణి మామూలు ఈగల్నీ గొంగళిపురుగుల్నీ పట్టి, కాళ్లూ రెక్కలూ కత్తిరించి పారేసి, మిగిలిన కండని ముద్ద చేసి నోటికి అందిస్తుంది. తాను మాత్రం ఆ మాంసం తినలేదు. నడుము అంత సన్నగా ఉంటే గట్టి ముక్క ఎలా దిగుతుంది? మరి కష్టానికి కూలి ఏమిటంటే, లార్వా నోట్లోంచి ఒక తియ్యటి చుక్క ఊరుతుంది. చక్కెరలు, ప్రోటీన్ ముక్కలు ఉండే ద్రవం. రాణి దాన్ని తాగుతుంది. తల్లి పిల్లకి కూడు పెడుతుంది, పిల్ల తల్లికి పాలిస్తుంది. మనుషుల్లో ఇలా ఉంటే ఎంత గొడవ! (నవ్వులు)

ఇంకో ముచ్చట. లార్వాలు గదిలో ఉన్నన్నాళ్లూ మలం వదలవు. పేగు వెనకవైపు మూసుకుని ఉంటుంది. ఎదగడం పూర్తయ్యాకే ఒక్కసారిగా అంతా వదిలి, పట్టుదారంతో గదికి మూత అల్లుకుని, లోపల ప్యూపా, అంటే రెక్కల ఈగగా మారే మధ్య దశ, అయిపోతాయి. గూడు శుభ్రంగా ఉండడంలోని కిటుకు అదే.

ఈ నాలుగైదు వారాలు రాణి బతుకు దారం మీద నడక. ఆవిడ బయటికెళ్లి తిరిగి రాకపోతే, ఏ పిట్టో పొడుచుకుపోతే, నాలుగు రోజులు విడవకుండా వాన పట్టితే, అంతా పోయినట్టే. మీ దగ్గరకొచ్చిన ఆ గూడు అలాంటిదే. గదుల అడుగున చూస్తే ఎండిపోయిన తెల్లటి గింజల్లాంటివి కనిపిస్తాయి. అవి గుడ్లు. తల్లి ఎటు పోయిందో తెలియదు.

పైగా బయటి ప్రమాదాలు చాలవన్నట్టు, సొంత జాతి పోరొకటి. ఆలస్యంగా లేచిన రాణులు, గూడు పాడైన రాణులు ఇంకొకరి గూటి మీదికొస్తాయి. కన్నం దగ్గర రెండూ కలబడి కిందపడి దొర్లుతూ కుట్టుకుంటాయి. గెలిచింది గూడు తీసుకుంటుంది, ఓడిన దాని పిల్లల్నే పెంచి తన కూలీలుగా వాడుకుంటుంది. కొన్ని జాతులకు ఇదే బతుకుతెరువు. వెస్ప్యులా ఆస్ట్రియాకా అనే జాతికి కూలీలన్నవే లేవు. రాణి నేరుగా వేరే జాతి గూట్లోకి జొరబడి, అక్కడి తల్లిని తప్పించి, ఆ కూలీల చేత తన పిల్లల్ని పెంచుకుంటుంది.

అన్నీ దాటితే మొదటి కూలీలు బయటికొస్తాయి. తిండి బొటాబొటిగా దొరికిన పిల్లలు కాబట్టి చిన్నగా ఉంటాయి. వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పనిలో పడతాయి. కొన్నాళ్లకు రాణి బయటికెళ్లడం మానేస్తుంది. ఆ రోజు నుంచి ఆవిడ మళ్లీ సూర్యుణ్ణి చూడదనే చెప్పాలి. పొట్ట ఉబ్బుతుంది, రెక్కల అంచులు చిరుగుతాయి, ఒంటిమీది నూగు రాలిపోతుంది. గది తరవాత గది, గుడ్డు తరవాత గుడ్డు. మనం రాణి అన్నది దీన్ని.

మరి ఏలుబడి సంగతేమిటి? కూలీలు కూడా ఆడవే. మగ ఈగల్ని కలవవు గానీ గుడ్లు పెట్టగలవు. ఫలదీకరణ కాని గుడ్డు మగది అవుతుంది కదా, కాబట్టి ప్రతి కూలీకీ కొడుకుల్ని కనే అవకాశం ఉంది. ఎందుకు కనవు?

పాత సమాధానం, రాణి వాసనతో వాటిని లొంగదీసుకుంటుందని. అందులో కొంత నిజముంది. రాణి ఒంటిమీది మైనంలాంటి పూతలో హైడ్రోకార్బన్లనే కొన్ని రసాయనాలు ఉంటాయి, అవి తగిలితే కూలీల అండాశయాలు ఎదగవని 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. చీమల్లోనూ బంబుల్ తేనెటీగల్లోనూ ఇలాంటి పదార్థాలే ఈ పని చేస్తున్నాయని అందులోనే చూపించారు. కానీ దాన్ని లొంగదీయడం అనాలా, కబురు చెప్పడం అనాలా అన్నది ఇంకా వాదనలో ఉంది. నేను కబురు వైపు. ‘నేనున్నాను, గుడ్లు బాగానే పెడుతున్నాను’ అని చెప్పడం. వినేవాళ్లకు లాభం ఉన్నంతకాలం వింటారు.

లాభం ఎక్కడుందంటే, రాణి చాలా మగ ఈగల్ని కలిసిందన్నాను గుర్తుందా? అందువల్ల కూలీల్లో చాలామంది ఒకే తల్లికి, వేర్వేరు తండ్రులకు పుట్టినవాళ్లు. అలాంటి గూట్లో ఒక కూలీకి, పక్క కూలీ కనే కొడుకు కంటే తల్లి కనే కొడుకే రక్తసంబంధంలో దగ్గర. అందుకని ఏ కూలీ అయినా దొంగతనంగా గుడ్డు పెడితే మిగతావి పసిగట్టి తినేస్తాయి. రాణి చెయ్యి చేసుకోనక్కర్లేదు, వీధిలోవాళ్లే కాపలా కాస్తారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. డోలికోవెస్ప్యులా అరెనేరియా అనే జాతిలో కొన్ని గూళ్లలో కూలీలే చివరికి రాణిని చంపేస్తాయి. ఆ గూళ్లలో కూలీలు ఎక్కువగా ఒకే తండ్రి బిడ్డలని తేలింది. తల్లి పోతే తమ కొడుకులకు చోటు దొరుకుతుంది. ఆ లెక్క వాటికి ఎవరూ నేర్పలేదు, కానీ తప్పు చేయవు.

బలప్రయోగంతో ఏలే రాణులు లేరని కాదు. పోలిస్టిస్ అని ఉంటాయి, పొడవాటి కాళ్లు, తొడుగు లేని గూళ్లు. వసంతంలో ఒకే గూటిని నాలుగైదు ఆడవి కలిసి మొదలుపెడతాయి. వాటిలో ఎవరు పెద్దన్నది కొట్లాటలో తేలుతుంది. పెద్దది ఎదురొస్తే చిన్నది తల వంచి నేలకు కరుచుకుంటుంది, పెద్దది మీసాలతో దాని తలమీద టపటపా వాయిస్తుంది. ఇటలీలో లియో పార్డి 1940ల్లో ఈ వరసని ఓపిగ్గా చూసి రాశాడు. చిన్నవాటి గుడ్లు పెద్దది తినేస్తుంది. ఇంత అవమానం పడి చిన్నవి ఎందుకుంటాయంటే, పెద్దది పోతే గూడు తమకొస్తుందని. కొందరికి వస్తుంది కూడా.

ఇక నా మాట తలకిందులు చేస్తుందన్న జాతి ఇదిగో. రోపాలిడియా మార్జినాటా. దక్షిణ భారతంలో చూరుల కిందా కిటికీ మూలల్లోనూ గోధుమరంగులో కనిపించే బక్కపలచటి కందిరీగ. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్, ఆయన శిష్యులు దశాబ్దాల పాటు దీని గూళ్ల ముందు కూర్చున్నారు. ప్రతి ఈగ మీదా రంగు చుక్కలు పెట్టి, ఏది ఏం చేస్తోందో రాసుకున్నారు. వెచ్చటి నేల కాబట్టి ఇక్కడ చలికాలపు నిద్ర లేదు, గూడు ఏడాది పొడుగునా నడవొచ్చు. రాణి పోతే ఇంకో రాణి.

గూటిని చూసి రాణి ఏదో చెప్పమంటే మీరు తప్పకుండా తప్పు చెబుతారు. కొట్టేవి, కరిచేవి, పెత్తనం చేసేవి కనిపిస్తాయి, వాటిలో రాణి ఉండదు. రాణి ఒక పక్కన సాధువులా కూర్చుని ఉంటుంది. అప్పుడప్పుడూ గూటి మీద నడుస్తూ పొట్ట చివరని గూటికి రుద్దుతుంది. ఆ రుద్దుడులో కొండి పక్కనున్న డ్యూఫోర్ గ్రంథి నుంచి వచ్చే పదార్థం ఉంటుంది. అదే ఆవిడ హాజరుపట్టీ.

ఆ రాణిని తీసేశారు. నిమిషాలు గడిచేలోపే ఒక కూలీ, అప్పటిదాకా ప్రత్యేకంగా ఏమీ లేనిది, విపరీతమైన కోపంతో అందరినీ కొట్టడం మొదలుపెట్టింది. రాణిని తిరిగి పెడితే మళ్లీ మామూలు కూలీ అయిపోయింది. పెట్టకపోతే రోజురోజుకీ కోపం తగ్గుతూ, వారం పది రోజుల్లో గుడ్లు పెట్టే మెతక రాణి అయింది. ఎప్పుడు చేసినా ఇదే తంతు. ముందు ఎవరు లేస్తారో మాత్రం మనుషులు చెప్పలేకపోయారు. వయసు చూసినా, ఒళ్లు చూసినా, పెత్తనం చూసినా అంతుపట్టలేదు. కందిరీగలకు మాత్రం తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే లేచినదానికి మిగతావి ఎదురు తిరగవు. మొదటిసారి ఈ పరిశోధన చదివిన రోజు నేను రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. అందరికీ తెలిసిన వారసురాలు, చూసేవాడికి మాత్రం కనపడదు!

సరే, చలిదేశానికి తిరిగొద్దాం, కథ ముగింపుకొస్తోంది. ఎండాకాలం చివర రాణి కూలీ గుడ్లు పెట్టడం తగ్గించేస్తుంది. గూట్లో లార్వాలు తగ్గిపోతాయి. లార్వాలు తగ్గితే కూలీలకు ఆ తియ్యటి చుక్క దొరకదు. అందుకే ఆ రోజుల్లో అవి జ్యూస్ గ్లాసుల మీద, పండిన పండ్ల మీద మూగుతాయి. పొగరెక్కి కాదు, ఆకలికి. ముసలి రాణి గూట్లోనే ఎప్పుడో రాలిపోతుంది. మొదటి గట్టి చలికి కూలీలూ పోతాయి. అంత పెద్ద కాగితపు కోట ఖాళీ అవుతుంది. మిగిలింది ఎక్కడో బెరడు కింద రెక్కలు ముడుచుకున్న కూతుళ్లు.

అలా నిద్రపోతున్న ఒక్కదాని వల్ల ఏమవుతుందో రెండు ఉదాహరణలు. ఆసియా జాతి వెస్పా వెల్యుటినా 2004 ప్రాంతంలో తూర్పు చైనా నుంచి ఫ్రాన్స్ చేరింది. బహుశా ఓడలో వచ్చిన కుండీల మధ్య నిద్రపోతూ. జన్యువులు పరీక్షిస్తే, చాలా మగ ఈగల్ని కలిసిన ఒకే ఒక్క రాణి నుంచే ఆ మంద అంతా వచ్చి ఉండొచ్చని తేలింది. ఆ తర్వాత అది స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ, జర్మనీ, బ్రిటన్ దాకా పాకింది. తేనెటీగలు పెంచేవాళ్ల పెట్టెల ముందు గాల్లో నిలబడి ఒక్కో తేనెటీగనీ తన్నుకుపోతుంది.

రెండోది న్యూజిలాండ్. 1945లో విమాన సామాను పెట్టెలతో జర్మన్ కందిరీగ అక్కడ దిగింది. రాణుల్ని ఏరేస్తే పీడ పోతుందనుకున్నారు. 1948లో నిద్రపోయే రాణిని తెచ్చిస్తే తలకు మూడు పెన్నీలని ప్రభుత్వం ప్రకటించింది. జనం మూడు నెలల్లో 1,18,000 రాణుల్ని తెచ్చారు. మరుసటి ఏడాది కందిరీగలు తగ్గాయా అంటే, లేదు. ఇందాక చెప్పిన వెయ్యికి ఒకటి లెక్క గుర్తు చేసుకోండి. చచ్చినవాటిలో ఎక్కువ భాగం ఎలాగూ చచ్చేవే. కొట్లాటలో పోవాల్సినవి డబ్బాల్లో పోయాయి, మిగిలినవాటికి పోటీ తగ్గింది.

ఇంకొక్క మాట, ఇది నాకు చాలా ఇష్టమైనది. ద్రాక్షసారాకీ రొట్టెకీ వాడే ఈస్ట్ ఉంది కదా, అది తోటల్లో ద్రాక్ష పండిన కాలంలో కనిపిస్తుంది. మరి చలికాలమంతా ఎక్కడుంటుంది? గాల్లో ఎగరలేదు. 2012లో ఇటలీ పరిశోధకులు రాణి కందిరీగల పేగుల్లో దాన్ని పట్టుకున్నారు. పండు కొరికినప్పుడు లోపలికెళ్లి, నిద్రపోయే రాణి కడుపులో చలికాలం దాటి, వసంతంలో ఆవిడ నోటి ముద్దతో పిల్లలకి చేరుతుంది. ఆ పిల్లలు పెద్దవై మళ్లీ ద్రాక్ష మీద వాలతాయి.

నేను ఆపేస్తాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: చలికాలంలో ఇంట్లోకి ఒక పెద్ద కందిరీగ వచ్చింది. గూడు పెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.)

చలికాలంలో గూడు పెట్టదమ్మా. హీటర్ వేడికి మెలకువ వచ్చిన రాణి అయ్యుంటుంది. దానికి కాపాడుకునే పిల్లల్లేరు కాబట్టి మీదికి రాదు. కానీ నొక్కితే కుడుతుంది. ఒక గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క జరిపి, బయట చల్లటి మరుగు చోట వదిలేయండి. నాలాగా అరచేతిలో మాత్రం పెట్టుకోకండి.

(మరో శ్రోత: మా మేడ మీద పాత గూడుంది. వచ్చే ఏడాది మళ్లీ అందులోకే వస్తాయా?)

చలిదేశాల వెస్ప్యులా అయితే రావు. పాత గూటిని వాడుకోవు, ప్రతి రాణీ మొదటి కాడ నుంచి మొదలుపెట్టాల్సిందే. చోటు నచ్చితే పక్కనే కొత్తది కట్టొచ్చు. చలి పూర్తిగా ముదిరి, రాకపోకలు ఆగిపోయాయని చూసుకున్నాక పాతదాన్ని దింపి కోసి చూడండి, అరలు లెక్కపెట్టొచ్చు. కింది అరల్లో పెద్ద గదులు కనిపిస్తే, ఆ గూటి నుంచి రాణులు వెళ్లాయని అర్థం.

(ఒక చిన్నపాప: పెట్టెలో గూడుకి ఎన్ని గదులున్నాయి?)

పద్దెనిమిది, తల్లీ. పంతొమ్మిదోది సగం కట్టి ఉంది. పెట్టె ఇప్పుడెవరి దగ్గరుంది? ఆ వెనక వరసలోనా? మూత పెట్టి, మెల్లగా ఇలా పంపించండి.